గోల్‌కీపర్ నుదుటి బొట్టు

దొంగతనం జరిగిన ఇంట్లో నాకు ముందుగా ఇచ్చింది కాఫీ కాదు, తువ్వాలు. అత్లోన్ స్టేషన్ నుంచి నాలుగడుగులే కదా, గొడుగెందుకు అనుకున్న నా తెలివికి అది బహుమానం. ఇంటావిడ కమల గారు మేడమీదికి వెళ్లి, హాట్‌ప్రెస్‌లోంచి వెచ్చటి తెల్ల తువ్వాలు తెచ్చి నా చేతిలో పెట్టారు. వేడినీళ్ల ట్యాంకు ఉండే ఆ అలమార ఐర్లండ్‌లో ఇంటింటికీ ఉంటుంది. ఉతికిన బట్టలు అందులోనే వెచ్చగా పడుంటాయి.

“తల గట్టిగా తుడుచుకో బాబూ. నీకు జలుబు చేస్తే రోజీ నన్ను సాధిస్తుంది.”

రోజీ నా భార్య, పోర్ట్‌లీష్‌లో నర్సు. నా పేరు గిడియన్. ఒకప్పుడు బెజవాడలో ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున కాలిపోయిన గోడౌన్లు చూసి, అవి వాటంతటవే కాలాయా, ఎవరైనా కాల్చారా అని తేల్చేవాణ్ణి. ఇప్పుడు మా ఇంటి ముందు గదికి ప్రైవేట్ డిటెక్టివ్ అని బోర్డు తగిలించుకున్నాను. వచ్చేవాళ్లలో సగం మంది తప్పిపోయిన పిల్లుల కోసం వస్తారు.

తువ్వాలు మడత విప్పితే లోపల రూపాయి బిళ్లంత ఎర్రటి మరక కనిపించింది. దాని చుట్టూ నూనె తడి. దసరా వెళ్లి వారం కాలేదు, ఈ ఇంట్లో బొట్టు లేని వస్తువంటూ లేదు, ఎక్కడో అంటుకుని ఉంటుందిలే అనుకుని తల తుడుచుకున్నాను. డిటెక్టివ్‌ననే బోర్డు పెట్టుకున్నవాడు అలా అనుకోకూడదు.

నన్ను పిలిపించింది కమల గారి భర్త, డాక్టర్ వెంకటేశ్వర రావు గారు. ఊళ్లో చాలా ఏళ్లు జీపీగా, అంటే కుటుంబాల డాక్టరుగా, పనిచేసి రిటైరయ్యారు. ఆయన గదిలోకి వెళ్తే గోడ నిండా హాకీ స్టిక్కులు, అలమార నిండా స్కేట్లు, ఫోటోలు, నల్ల రబ్బరు బిళ్లలు. అన్నిటికీ బొట్లు. స్టెతస్కోపుకి కూడా బొట్టు. మధ్య అరలో మాత్రం ఒక ఖాళీ స్టాండు ఉంది.

“అక్కడే ఉండేది,” అన్నారు డాక్టర్ గారు. “మా ఫింటన్ మాస్క్.”

ఈ ఊళ్లో ఒకప్పుడు మంచు మీద హాకీ ఆడే ప్రొఫెషనల్ టీమ్ ఉండేది. షానన్ హెరన్స్. హెరన్ అంటే కొంగ. కమల గారికి అది ఎప్పుడూ ‘కొంగల టీమే’. ఐర్లండ్ కుర్రాళ్లు కొందరు, కెనడా నుంచి వచ్చినవాళ్లు కొందరు. జీతాలు తీసుకుని ఆడేవాళ్లు. రావు గారు ఆ టీమ్‌కి డాక్టర్. పగలు జ్వరాలు, సాయంత్రం విరిగిన పళ్లు. ఇరవై రెండేళ్ల కిందట టీమ్ మూతపడింది. ఆ కొంగల చరిత్రని, ఆటగాళ్ల కథల్ని ఆయన పుస్తకంగా రాశారు. ఈ శనివారం హోటల్లో ఆవిష్కరణ. గోల్‌కీపర్ ఫింటన్ గేరీ మాస్క్ పట్టుకుని ఆయన మాట్లాడాలి. ఆ మాస్క్ దసరాకి ముందు ఆదివారం ఈ గదిలోంచి మాయమైంది. తాళం విరగలేదు, కిటికీ పగల్లేదు. గార్డ్స్ వచ్చి, చుట్టూ చూసి, టీ తాగి, ‘గ్రాండ్, రాసుకున్నాం’ అని వెళ్లిపోయారు. ఇక్కడి పోలీసులకి మర్యాద ఎక్కువ, తొందర తక్కువ.

“ఓ పాత మాస్క్ కోసం నన్ను పిలిపించారంటే దాన్లో ఏదో ఉంది. ఏమిటది?”

ఆయన లేచి అరలోంచి మూడు పుస్తకాలు తీశారు. అంతకు ముందు కొంగల మీద వేరేవాళ్లు రాసినవి. వాటి మీద చెయ్యి వేసేటప్పుడు ఆయన వేళ్లు పసిపిల్లల తల నిమిరినట్టు కదిలాయి.

“ఇది మొదటిది. ఫింటన్ బతికున్నప్పుడు వచ్చింది. చూడు, ఒక అధ్యాయమంతా వాడే. ఇది వాడు పోయాక వచ్చింది. ఒక్క వాక్యం. ‘మద్యం మత్తులో మెట్ల మీద పడి మరణించాడు.’ ఇది మూడోది. అసలు వాడి పేరే లేదు. ఒక మనిషి మూడు పుస్తకాల్లో ఎలా తరిగిపోయాడో చూశావా?”

“మీ పుస్తకంలో?”

“నా పుస్తకానికి డబ్బు పెట్టింది హారిగన్. అప్పటి టీమ్ ఓనరు. ఆఖరి మ్యాచ్ గురించి రెండు పేరాలు మించనివ్వలేదు. అందుకే నోటితో చెబుదామనుకున్నాను, అందరి ముందూ.”

ఆయన చెప్పింది ఇదీ. ఆఖరి మ్యాచ్ మధ్యలో ఆ రబ్బరు బిళ్ల, పక్ అంటారు దాన్ని, ఫింటన్ ముఖానికి తగిలింది. మాస్క్ ఆపింది కానీ కుర్రాడి కళ్లు తిరిగాయి. డాక్టర్ గారు వాణ్ణి లోపలికి తీసుకెళ్లి ఇక ఆడొద్దన్నారు. హారిగన్ ఒప్పుకోలేదు. ఫింటన్ మళ్లీ ఆడాడు, గెలిపించాడు, మ్యాచ్ అయ్యాక వెనక మెట్ల మీద కుప్పకూలాడు. పక్కన ఎవరిదో బీరు డబ్బా పడుంది. తాగి పడ్డాడని ఊరు తేల్చేసింది.

“మీరు అప్పుడే చెప్పొచ్చుగా?”

“హారిగన్ నన్ను పిలిచి, మాస్క్ చూశాను డాక్టర్, గీత కూడా పడలేదు, నువ్వు కంగారుపడ్డావు అన్నాడు. నేను నమ్మాను. నేను చూసిందే పొరపాటనుకున్నాను. పోయిన చలికాలం మ్యాచ్‌లు ఆడిన పాత ఐస్ రింక్ షెడ్డు కూలగొడుతుంటే మాస్క్ దొరికింది. లోపలివైపు ఈ చివర నుంచి ఆ చివరిదాకా పగులు.” ఆయన తన రెండు చేతులూ ముందుకు చాచారు. “వాడి రెండు చేతులూ పట్టుకుని వెళ్లొద్దన్నాను గిడియన్. ఆ గదిలో నేనూ వాడూ హారిగనూ, అంతే. వాడు పోయాడు. హారిగన్ చెప్పడు.”

“ఇంకెవరికి తెలుసు?”

“కమలకి చెప్పాను. ఇప్పుడు నీకు. వాడి కూతురికి శనివారం చెబుతాను. నీవ్‌కి అప్పుడు ఎనిమిదేళ్లు. తాగుబోతు కూతురని స్కూల్లో ఏడిపించేవాళ్లు. ఆ పిల్ల తలెత్తుకుని చూస్తుండగా చెప్పాలి నేను.”

అంతలో ఆయన ముఖం ఒక్కసారి విప్పారింది. “ఈ బొట్ల కథ తెలుసా నీకు? మొదటి సీజన్. అన్నీ ఓడిపోతున్నాం. ఫింటన్ మాస్క్ పట్టీ తెగితే కుట్టిద్దామని ఇంటికి తెచ్చాను. ఆ రోజు ఆయుధపూజ. కమల నన్ను అడక్కుండానే దాని నుదుటికి బొట్టు పెట్టేసింది. ఫింటన్ చెరపలేదు. ఆ రాత్రి గెలిచాం! ఇక చూడు, ఏటా దసరాకి టీమంతా స్టిక్కులు పట్టుకుని మా ఇంటి ముందు వరసకట్టేవాళ్లు. ఆరడుగుల కెనడా వాళ్లు గుమ్మంలో తలలు వంచుకుని లోపలికొచ్చి, బొట్టు పెట్టించుకుని, పులిహోర తిని వెళ్లేవాళ్లు.”

ఆయన నవ్వుతుంటే నాకూ ఆ వరస కళ్లకు కట్టింది. గుంటూరు జిల్లాలో మా చర్చి పక్కనే ఒక లారీ షెడ్డు ఉండేది. దసరా రోజు లారీలకి దిష్టి తీసిన గుమ్మడికాయ ముక్కల కోసం కాదు గానీ, పంచే బొరుగుల కోసం మేమూ వెళ్లి నిలబడేవాళ్లం. ఆ వాసన గుర్తొచ్చి కాసేపు నేను కేసు సంగతి మర్చిపోయాను.

వంటింట్లో కమల గారితో పాటు ముప్ఫై ఏళ్ల అమ్మాయి పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతోంది. ఆమే నీవ్. ఆమెకి తెలుగు రాదు, మాట్లాడింది ఇంగ్లీషులోనే.

“ఆదివారం నువ్వు ఇక్కడికొచ్చావా?”

“వచ్చాను. నాన్న మాస్క్ ఒకసారి చేత్తో పట్టుకుని చూద్దామని. నేనొచ్చేసరికే స్టాండు ఖాళీ. కమలా ఆంటీ శుభ్రం చెయ్యడానికి తీశారేమో అనుకున్నాను.”

నేను కమల గారి వైపు తిరిగాను. “ఆంటీ, మీరు తీశారా?”

“నేనెందుకు తీస్తాను?” కమల గారు టేపు తెంపుతూ తలెత్తకుండానే అన్నారు. “కొంగల సామాను నేను ముట్టుకునేది ఏడాదికి ఒక్కసారి. ఆయుధపూజకి. కుంకం కొబ్బరినూనెలో కలిపి పెడతాను, రాలకుండా ఉంటుందని. మిగతా రోజుల్లో అదంతా ఆయన సామ్రాజ్యం.”

అప్పుడు బెల్ మోగింది. తలుపు తీస్తే తేజేశ్వర్. హైదరాబాదు మనిషి, డబ్లిన్‌లో పెద్ద ఆఫీసు, పెద్ద కారు, భుజాన పరుపంత కెమెరా సంచి. కిందటేడు కార్క్‌లో నా కేసొకటి నా చేతుల్లోంచే లాక్కుపోయాడు. వానలో తడిసి జుట్టంతా కారుతున్నా నవ్వు మాత్రం తడవలేదు.

“ఏం గిడియనన్నా, పిల్లులు దొరుకుతలేవా, ఈడికొచ్చినవ్?”

“నీలాంటివాళ్లు ఎక్కువైపోయి పిల్లులు పారిపోయాయి. నిన్నెవరు పిలిచారు?”

“హారిగన్ సార్. ఫంక్షన్‌కి పైసలు పెట్టింది ఆయనే గదా. మాస్క్ పోయిందంటే ఆయనకీ ఫికరే.” అతను నీళ్లు కారుస్తూనే లోపలికొచ్చాడు.

ఇల్లు తడుస్తోందని నా చేతిలోని తువ్వాలు అతని మీదికి విసిరాను. అతను ముఖం తుడుచుకోబోయి ఆగాడు. మరక చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, మడిచి, భుజాన వేసుకున్నాడు. నేను తుడుచుకున్నదని అసహ్యం కాబోలనుకున్నాను.

డాక్టర్ గారికి నమస్కారం పెట్టి, టక్కున ఫోను తీసి నీవ్ ముఖం ముందు పెట్టాడు. ఎదురింటి కెమెరా వీడియో. ఆదివారం నీవ్ సంచితో లోపలికొచ్చింది, సంచితో బయటికెళ్లింది.

“సంచిలో ఏముంది మేడమ్?” అన్నాడు ఇంగ్లీషులో. “మీ నాన్న మాస్క్‌కి పాత వస్తువులు కొనేవాళ్లు బాగానే ఇస్తారని విన్నాను.”

నీవ్ ఫోనుని పక్కకి నెట్టింది. “సంచిలో ఆంటీ డబ్బా ఉంది, వచ్చేటప్పుడు ఖాళీగా, వెళ్లేటప్పుడు ఆంటీ పెట్టిన పెరుగన్నంతో. మా నాన్న నాకు మిగిల్చింది ఆ మాస్కూ, ఒక చెడ్డపేరూ. రెండిట్లో ఏది అమ్ముకోమంటారు?”

నా ఒళ్లు మండింది. “తేజా, నువ్వు చూపించిన వీడియోలోనే జవాబుంది. లోపలికొచ్చేటప్పుడు సంచి ఎంత ఉబ్బుగా ఉందో, వెళ్లేటప్పుడూ అంతే ఉంది. గోల్‌కీపర్ మాస్క్ గుమ్మడికాయంత ఉంటుంది. అది దూరితే సంచి అలా ఉంటుందా? నీ ఖరీదైన ఫోనుతో పాటు కళ్లు కూడా అమ్మితే బాగుండేది.”

“నీకెప్పుడూ నోరే అన్నా. పని మాత్రం లేట్.”

“బాబూ, కొట్టుకోకండి,” అన్నారు డాక్టర్ గారు. తేజేశ్వర్ భుజం తట్టి కూర్చోబెట్టారు. “ఈ బొట్ల కథ తెలుసా నీకు? మొదటి సీజన్. అన్నీ ఓడిపోతున్నాం. ఫింటన్ మాస్క్ పట్టీ తెగితే కుట్టిద్దామని ఇంటికి తెచ్చాను...” అక్షరం పొల్లుపోకుండా మళ్లీ మొత్తం చెప్పారు. గుమ్మంలో తలలు వంచిన కెనడా వాళ్లు, పులిహోర, అన్నీ. నాకు చెప్పి గంటన్నా కాలేదన్న సంగతి ఆయన ముఖంలో లేదు. చివర నా వైపు తిరిగి, “నీకు చెప్పలేదు కదూ?” అన్నారు.

కమల గారు గబగబా కాఫీ గ్లాసులు తీసుకెళ్లిపోయారు. తేజేశ్వర్ ఆయన్నీ, ఆమెనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత చాలా వినయంగా లేచి, బాత్రూమ్ ఎక్కడని అడిగి, సంచి భుజాన వేసుకునే మేడ ఎక్కాడు. కాసేపటికి దిగి, హారిగన్ సార్ పిలుస్తున్నాడంటూ అందరికీ దండాలు పెట్టి వెళ్లిపోయాడు. పోట్లాట మధ్యలో వదిలి వెళ్లే మనిషి కాడు. అయినా వెళ్లాడు కదా, పీడ పోయిందనుకున్నాను.

నేను మళ్లీ గదిలో నిలబడి స్టిక్కులు చూశాను. ఒక బొట్టు మీద వేలు పెట్టాను. మైనంలా గట్టిగా ఉంది. ఈ దేశపు చలికి కొబ్బరినూనె గడ్డకట్టుకుపోతుంది. స్కేట్ల మీదా అంతే, స్టెతస్కోపు మీదా అంతే. గుండ్రంగా, అంచు చెదరకుండా ఉన్నాయి. మరి తువ్వాలు మీది మరక ఎందుకు కరిగి కారింది?

తువ్వాలు వచ్చింది హాట్‌ప్రెస్‌లోంచి. వేడికి కరుగుతుంది. కానీ తువ్వాళ్లకి ఎవరూ ఆయుధపూజ చెయ్యరు. మేడెక్కి హాట్‌ప్రెస్ తలుపు తీశాను. నీళ్ల ట్యాంకుకి బొట్టు పెట్టారేమోనని చూశాను. లేదు. బొట్టు పెట్టిన వస్తువేదో ఈ తువ్వాళ్ల మధ్య ఉండి, కరిగి, వాటికి అంటించింది. ఆ బొట్టు పెట్టింది ఆయుధపూజ రోజు. మాస్క్ పోయింది అంతకుముందు ఆదివారం. అంటే దొంగ దాన్ని దాచిపెట్టాక, మళ్లీ తీసి, బొట్టు పెట్టి, మళ్లీ దాచింది. దొంగిలించిన వస్తువుకి కూడా పూజ తప్పించలేని దొంగ ఒక్క మన ఇళ్లలోనే దొరుకుతుంది.

నా వెనక, మెట్ల మీద, అడుగుల చప్పుడైంది. కమల గారు.

“ఎలా వదిలెయ్యమంటావు బాబూ?” అన్నారు, నేను ఏమీ అడక్కముందే. “అన్నిటికీ పెట్టి దానికి మాత్రం మానేస్తే చేతులు ఊరుకోలేదు. అదే కదా మొదటిది. ఆ పిల్లాడు ఆ బొట్టుతోనే ఆడాడు చివరిదాకా.”

“ఎందుకు దాచారు ఆంటీ? నీవ్ ముఖం చూస్తూ కూడా?”

ఆమె గోడకి ఆనుకున్నారు. “నువ్వు విన్నావుగా కింద, ఒకే కథ రెండుసార్లు. ఉదయం బాగానే ఉంటారు. సాయంత్రానికి నా పేరే తడుముకుంటారు. ఈయన్ని చూసే జీపీ ఆ జబ్బుకి పేరు పెట్టి మరీ చెప్పాడు. ఆ పగులు చూడగానే జనం ఏమడుగుతారు? ఇంత దెబ్బ తగిలితే టీమ్ డాక్టర్ ఏం చేశాడు అని. వెళ్లొద్దన్నానని ఈయన చెప్పగలిగితే సరే. చెప్పాల్సిన నిమిషంలో గుర్తు రాకపోతే? మాస్క్ ఉండి ఆయన మాట లేకపోతే ఆ కుర్రాణ్ణి చంపింది ఈయనే అవుతారు. ఊరు ఊరంతా చేతులెత్తి దణ్ణం పెట్టిన మనిషి బాబూ ఆయన. చివర్లో ఆ పేరుతో పోనివ్వనా?”

నాకు కోపం రాలేదు. ఏడుపొచ్చింది. ఒకే మాస్క్ మీద ఇద్దరి పేర్లు ఉన్నాయి, ఒకటి పోయిన తండ్రిది, ఒకటి ఉన్న భర్తది.

“నీవ్‌కి నిజం తెలియాలి ఆంటీ. ఇవాళ, ఆయనకి గుర్తున్నప్పుడే, ఆ అమ్మాయిని కూర్చోబెట్టి చెప్పిద్దాం. నేను రికార్డ్ చేస్తాను. మాస్క్ ఇవ్వండి.”

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని తలూపారు. ప్రెస్‌లో అడుగు అర దగ్గర వంగి, దుప్పట్ల వెనక్కి చెయ్యి పోనిచ్చారు. ఇంకా లోపలికి పోనిచ్చారు. దుప్పట్లన్నీ లాగి కింద పడేశారు. వెనక ఒక పెద్ద తువ్వాలు గూడులా నొక్కుకుని ఉంది. మధ్యలో ఎర్రటి మరక. గూడు ఖాళీ.

“పొద్దున నీకు తువ్వాలు తీసినప్పుడు ఉంది,” అన్నారామె. “ఉంది బాబూ!”

తువ్వాలు. నా చేత్తో నేనే విసిరిన తువ్వాలు. తేజేశ్వర్‌ది ఏటా పూజగదిలో సుత్తికీ కత్తెరకీ బొట్లు పెట్టే ఇల్లు. నాకు గంట పట్టిన లెక్క అతనికి ఒక్క వాసనతో తేలిపోయింది. పరుపంత సంచి ఎందుకు తెచ్చాడా అని కూడా నేను అడగలేదు.

ఫోను చేస్తే వెంటనే ఎత్తాడు.

“అన్నా, తువ్వాల మంచిగ ఇచ్చినవ్. థాంక్స్.”

“అది పెద్దావిడ ఇంట్లోంచి దొంగతనం చేసిన వస్తువు. గార్డ్స్‌కి చెబుతాను.”

“చెప్పు. ఆ పెద్దమ్మనే దాచిపెట్టిందని సుత చెప్పు. ఆమెనే ఇచ్చిందని నేనంట, కాదని ఎట్ల అంటది?”

“హారిగన్ దాన్ని ఏం చేస్తాడు? నదిలో పడేస్తాడా?”

“ఛ, పడేసుడెందుకు? నేను సార్‌కి ఇంకో ముచ్చట సుత చెప్పిన. కథ రెండుసార్లు చెప్పిండు మీ డాక్టర్ సాబ్, నేను ఇన్న. ఇగ శనివారం సారే ఆ మాస్క్ అందరి ముంగట పెడ్తడు. పగులు చూపిస్తడు. ఇంత దెబ్బ తగిలినోన్ని ఆడొచ్చని పంపిన డాక్టర్ ఎవరని అడుగుతడు. డాక్టర్ సాబ్‌నే జవాబు చెప్పమను అన్నా. యాదికుంటే.”

ఫోను పెట్టేశాడు. కమల గారికి ఆ మాటలన్నీ వినిపించాయి. ఆమె మెట్ల మీద కూలబడి రెండు చేతుల్లో ముఖం దాచుకున్నారు. ఏది జరక్కూడదని దాచారో, దాచడం వల్లే అది జరగబోతోంది. నేను ఫోనులో రికార్డర్ ఆన్ చేసి పట్టుకున్నాను. ఆయనకి ఇంకా గుర్తుంది. గంట క్రితం నాతో చెప్పారు, రెండు చేతులూ పట్టుకుని వద్దన్నానని. ఇప్పుడే, ఈ నిమిషంలోనే మళ్లీ చెప్పించాలి.

“డాక్టర్ గారూ!” అని పిలుస్తూ మెట్లు దిగాను.

ఆయన అప్పటికే మెట్ల కింద నిలబడి ఉన్నారు. చేతిలో మొదటి పుస్తకం ఉంది, ఫింటన్ అధ్యాయం దగ్గర తెరిచి. పక్కన నీవ్ ఆ ఫోటో మీద వేలు పెట్టి, నాన్న నవ్వు చూసి తనూ నవ్వుతోంది. డాక్టర్ గారు మాత్రం నవ్వడం లేదు. నుదురు ముడిచి, ఏదో వెతుక్కుంటున్నట్టు మేడవైపు, భార్యవైపు చూశారు.

“కమలా, ఆ రోజు ఫింటన్‌ని మళ్లీ ఐస్ మీదికి వెళ్లమన్నది ఎవరు? నేనేనా?”

అప్పటిదాకా నీవ్‌తో మాట్లాడుతున్నారు కాబట్టి, ఆ మాట ఆయన ఇంగ్లీషులో అడిగారు.